రెండడుగుల ట్యాంకుకు ఏ ఫిల్టర్? నాలుగు రకాల మీద రివ్యూ

అక్వేరియం షాపులో రెండడుగుల ట్యాంకు కొంటే దాంతోపాటే ఒక చిన్న నల్ల ఫిల్టర్ అంటగడతారు. లోపలి గాజుకు సక్షన్ కప్పులతో అతికించే ఇంటర్నల్ ఫిల్టర్ అది. డబ్బా మీద గంటకు ఇన్ని వందల లీటర్లని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. విప్పి చూస్తే లోపల రెండు అగ్గిపెట్టెలంత స్పాంజి ముక్క. ట్యాంకులో చేపల బతుకంతా ఆ ముక్క మీదే ఉంటుంది. అమ్మేవాళ్ళు ఆ మాట చెప్పరు, కొనేవాళ్ళు అడగరు.

ఇక్కడ చూస్తున్నది మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ట్యాంకు గురించి: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల లెక్కన దాదాపు 57 లీటర్లు. అడుగున రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్ళు 45 లీటర్లకు కాస్త అటూ ఇటూ. గప్పీలు, మోలీలు, టెట్రాలు, ఒక ఫైటర్ లాంటివి పెంచే సైజు ఇది. మూడు, నాలుగు అడుగుల ట్యాంకుల మాట క్యానిస్టర్ (ట్యాంకు బయట కింద పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) దగ్గర వస్తుంది.

ముందు ఫిల్టర్ పని ఏమిటో తేల్చుకోవాలి. నీళ్ళు తేటగా కనిపించడం అందులో చిన్న భాగమే. చేప మొప్పల నుంచి అమ్మోనియా ఎప్పుడూ వదులుతూనే ఉంటుంది. స్పాంజి రంధ్రాల్లో, సిరామిక్ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. మన బోరు నీళ్ళతో ఇంకో చిక్కుంది. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో చేపను చంపే రూపంలో ఉండేది ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అదే 5 శాతం దాటుతుంది. ఆ నీళ్ళే 30 డిగ్రీలకు వేడెక్కితే 7 శాతం పైన. అంటే పీహెచ్ ఎక్కువగా ఉండే గట్టి బోరు నీళ్ళలో, ఏప్రిల్ మే నెలల్లో, మెతక నీళ్ళ ట్యాంకులో ఏమీ చేయని అమ్మోనియా కూడా చేపల్ని పైకి తేలుస్తుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ రంగు రాళ్ళ గురించే మాట్లాడతారు.

కాబట్టి ఫిల్టర్‌ను మూడు ప్రశ్నలతో కొలవాలి. బ్యాక్టీరియా కూర్చోడానికి ఎంత చోటుంది? కడగడం ఎంత సులువు? కరెంటు పోతే ఏమవుతుంది? గంటకు ఎన్ని లీటర్లన్నది నాలుగో ప్రశ్న. దానికొక రుజువు చూడండి. ఐహైమ్ క్లాసిక్ 250 అనే జర్మన్ క్యానిస్టర్ గంటకు తిప్పేది 440 లీటర్లే, వాడేది 8 వాట్లే. అయినా కంపెనీ దాన్ని 250 లీటర్ల ట్యాంకు వరకు సిఫారసు చేస్తుంది. షాపులో ఇచ్చే చిన్న ఇంటర్నల్ ఫిల్టర్ డబ్బా మీద కూడా దాదాపు అదే అంకె ఉండొచ్చు. తేడా అంతా లోపల పట్టే మీడియాలో, అంటే స్పాంజి, సిరామిక్ రింగుల్లాంటి సరుకులో ఉంది.

స్పాంజి ఫిల్టర్

రెండడుగుల ట్యాంకుకు మా ఓటు దీనికే. జిన్‌యూ కంపెనీ ఎక్స్‌వై-2831 అనే జంట స్పాంజి రకం దాదాపు ప్రతి అక్వేరియం షాపులో దొరుకుతుంది, ధర కొన్ని వందల్లోనే. దీంట్లో మోటారు ఉండదు. బయట పెట్టిన ఎయిర్ పంపు గాలిని సన్న గొట్టం ద్వారా లోపలికి పంపుతుంది. బుడగలు నిలువు గొట్టంలో పైకి లేస్తూ నీళ్ళను వెంట లాక్కుపోతాయి. ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న నీళ్ళు స్పాంజి గుండా లోపలికి వస్తాయి. చెడిపోయే భాగం నీళ్ళలో ఒక్కటీ లేదు.

ఇంకో లాభం ఎండాకాలంలో తెలుస్తుంది. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నర మాత్రమే పట్టుకుంటాయి. బుడగలు పైతలాన్ని కదిలిస్తూ ఉంటాయి కాబట్టి ఫిల్టర్‌తోపాటు ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) పని కూడా అందులోనే అయిపోతుంది.

బిగించే పద్ధతి ఇదీ. కొత్త స్పాంజిని బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా పిండాలి, లేకపోతే రెండు రోజులు పైకి తేలుతూనే ఉంటుంది. గొట్టం సిలికాన్‌ది తీసుకోండి, పీవీసీది ఏడాదికే కట్టెలా బిగుసుకుపోతుంది. పంపుకూ ట్యాంకుకూ మధ్య ఒక చెక్ వాల్వ్ (ఒక్క వైపే పోనిచ్చే ముక్క) పెట్టాలి. దాని మీద బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండాలి. గుర్తు లేకపోతే నోటితో ఊది చూడండి, గాలి పోయే వైపు ట్యాంకుకు రావాలి. పది ఇరవై రూపాయల ఈ ముక్క మానేస్తే జరిగేది ఇది: రాత్రి కరెంటు పోతుంది, పంపు ట్యాంకు కన్నా కింద ఉంటుంది, నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్ బోర్డులోకి చేరతాయి. చెక్ వాల్వ్ ఉన్నా సరే, వీలైతే పంపును నీటి మట్టం కన్నా పైన పెట్టండి. వాల్వ్ లోపలి రబ్బరు కూడా ఎప్పటికైనా గట్టిపడుతుంది.

చికాకు పెట్టేది చప్పుడు. రెండు రకాల చప్పుళ్ళుంటాయి. గుయ్యిమనేది పంపుది. దాని కింద మడత పెట్టిన గుడ్డ గానీ, అట్టపెట్టెల్లో వచ్చే ఫోమ్ ముక్క గానీ వేస్తే సగం తగ్గుతుంది. గుడగుడమనేది బుడగలది. నిలువు గొట్టం వెడల్పుగా ఉన్న రకాల్లో లోపల సన్నని ఎయిర్ స్టోన్ దించితే బుడగలు చిన్నవై చప్పుడు తగ్గుతుంది, నీళ్ళ లాగుడు కూడా పెరుగుతుంది. ఏడాదో రెండేళ్ళో గడిచాక పంపు గాలి తగ్గిందంటే చాలాసార్లు పోయింది లోపలి రబ్బరు డయాఫ్రమే. అది విడిగా దొరుకుతుంది. మొత్తం పంపు పారేయక్కర్లేదు.

కడగడం రెండు మూడు వారాలకోసారి. నీళ్ళు మార్చే రోజు ట్యాంకులోంచి తీసిన నీళ్ళే బకెట్లో ఉంచి, అందులో స్పాంజిని నాలుగైదు సార్లు పిండితే చాలు. తెల్లగా మెరిసేదాకా పిండొద్దు. జంట స్పాంజిలో ఈసారి ఒకటి, వచ్చేసారి రెండోది. బయటికి తీసేటప్పుడు దాన్నిండా ఉన్న మడ్డి ట్యాంకులోకి కారుతుంది కాబట్టి, ముందు ఒక పాలిథిన్ కవర్ నీళ్ళలోకి దించి స్పాంజిని అందులోకి జరిపి కవర్‌తో సహా ఎత్తండి. కుళాయి కింద పెట్టి కడిగితే మున్సిపల్ నీళ్ళలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది. చేపలు ఆ రోజు బాగానే ఉంటాయి. మూడో రోజు నుంచి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఫిల్టర్ కడిగిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు, నెపం మేత మీదకు పోతుంది.

లోపాలు లేకపోలేదు. ట్యాంకులో చోటు తీసుకుంటుంది, చూడ్డానికి అందంగా ఉండదు. నీళ్ళలో తేలే సన్నని దుమ్మును పూర్తిగా పట్టలేదు. సక్షన్ కప్పులు కొన్ని నెలలకే పట్టు వదులుతాయి, కింద బరువుగా దిమ్మె ఉన్న రకానికి ఈ బాధ లేదు. గోల్డ్‌ఫిష్ లాంటి చెత్త ఎక్కువ చేసే చేపలకు ఇదొక్కటే చాలదు. నిజానికి గోల్డ్‌ఫిష్‌కు రెండడుగుల ట్యాంకే చాలదు.

ఇంటర్నల్ పవర్ ఫిల్టర్

సెట్టుతో వచ్చేది ఇదే. నీళ్ళను గట్టిగా లాగుతుంది, సన్న చెత్తను స్పాంజి కన్నా బాగా పడుతుంది. ఒక మూల పెట్టి మూతిని గాజు వైపు తిప్పితే ప్రవాహం మెత్తబడుతుంది. ఇక్కడితో మంచి అయిపోయింది. చిన్న స్పాంజి వారానికే మూసుకుపోతుంది. మూసుకుపోతే డబ్బా మీది అంకె డబ్బా మీదే మిగులుతుంది. వారం వారం కడిగితే బ్యాక్టీరియా నిలదొక్కుకోదు. ఫైటర్ చేప దీని ముందు ఈదలేక మూలకు నక్కుతుంది. గప్పీ పిల్లలు లోపలికి పోతాయి.

ఇంతకన్నా పెద్ద ఫిర్యాదు కరెంటుది. ఇది నీళ్ళలో మునిగి ఉండే 230 వోల్టుల మోటారు. చవక రకాల్లో వైరు లోపలికి పోయే చోట సీలు పాడైతే నీళ్ళలోకి కరెంటు లీకవుతుంది. ఆ ప్లగ్గుకు ఆర్‌సీసీబీ రక్షణ, అంటే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్పయ్యేది, లేని ఇంట్లో దీన్ని వాడకపోవడమే మేలు. ఏ ఫిల్టర్ అయినా సరే, చేయి నీళ్ళలో పెట్టే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకాలి. వైరు ప్లగ్గులోకి వెళ్ళే ముందు ఒకసారి కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా వదలాలి. అప్పుడు వైరు వెంట జారే నీటి చుక్క సాకెట్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

సెట్టుతో వచ్చేసింది కాబట్టి పారేయమని అనడం లేదు. స్పాంజి ఫిల్టర్‌కు తోడుగా, నీళ్ళు మసకబారిన రోజున నాలుగు గంటలు నడపడానికి పనికొస్తుంది.

హ్యాంగ్ ఆన్

ట్యాంకు వెనక అంచుకు తగిలించేది. రెండున్నర, మూడడుగుల ట్యాంకుకు మంచి ఎంపిక. రెండడుగులకూ నడుస్తుంది, కాకపోతే చిన్నది తీసుకోవాలి. ఈ రకంలో కొనేముందు చూడాల్సింది ఒక్కటే. లోపల ఖాళీ బుట్ట ఉందా, లేక కంపెనీ అమ్మే రెడీమేడ్ పొట్లం (కార్ట్రిడ్జ్) మాత్రమే పడుతుందా? కార్ట్రిడ్జ్ రకం నెలనెలా మార్చమంటుంది. మార్చిన ప్రతిసారీ పెరిగిన బ్యాక్టీరియా చెత్తబుట్టలోకి పోతుంది, కొత్తదానికి డబ్బు కంపెనీకి పోతుంది. అక్వాక్లియర్, సీకెమ్ టైడల్ అనే రకాల్లో బుట్ట ఉంటుంది, మనకు నచ్చిన మీడియా వేసుకోవచ్చు. అక్వాక్లియర్‌లో నీళ్ళు బుట్ట కిందికి వచ్చి పైకి ఎక్కుతాయి కాబట్టి స్పాంజి అడుగున, సిరామిక్ ముక్కలు పైన. చాలామంది తలకిందులుగా వేసి, రింగులు మడ్డితో నిండిపోయాయని తిట్టుకుంటారు. దాంతో వచ్చే కార్బన్ పొట్లం రెండు మూడు వారాలకే పని ఆపేస్తుంది. దాని చోట ఇంకో స్పాంజి వేయడం మేలు. చేపలకు మందు వేసే రోజుల్లో మాత్రం కార్బన్ తప్పక తీసేయాలి, మందునంతా అదే పీల్చేస్తుంది.

కరెంటు సంగతిలో ఈ రకాల మధ్య తేడా ఉంది. టైడల్ మోటారు నీటి మట్టం కిందే ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే దానంతటది అందుకుంటుంది. మిగతా చాలా రకాల్లో ట్యాంకు నీళ్ళు తగ్గి ఉంటే, కరెంటు తిరిగి వచ్చాక మోటారు ఉత్తిగా తిరుగుతూ వేడెక్కుతుంది. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే నీటి మట్టం దిగుతుంది, జలపాతం చప్పుడు మొదలవుతుంది. అంచుకు దగ్గరగా నీళ్ళు నింపుతూ ఉండటమే మందు. ట్యాంకు వెనక నాలుగైదు అంగుళాల చోటు వదలాలి. ప్లాస్టిక్ మూత ఉన్న ట్యాంకయితే మూతను వెనక కోయాలి. ఈ రెండూ కొన్నాక గుర్తొచ్చే విషయాలు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో ఫిల్టర్ తెప్పించుకునే వాళ్ళకు ఒక మాట. అక్కడి మోడల్ 110-120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. కన్వర్టర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది గానీ హెర్ట్జ్ మారదు. ఈ మోటార్ల వేగం ఆ అంకెను బట్టే ఉంటుంది కాబట్టి 50 హెర్ట్జ్ దగ్గర ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పైగా 24 గంటలూ కన్వర్టర్ వేడి. ఇక్కడి 230 వోల్టుల మోడలే కొనండి.

క్యానిస్టర్

మూడడుగులు దాటిన ట్యాంకుకు, మొక్కలూ కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ ఉన్న ట్యాంకుకు, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి తిండిపోతులకు ఇదే సరైనది. రెండడుగుల గప్పీ ట్యాంకుకు క్యానిస్టర్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. మన మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి సన్‌సన్ హెచ్‌డబ్ల్యూ వరుస. 302 మోడల్ మూడు బుట్టలు, 18 వాట్లు, గంటకు 1000 లీటర్లని చెబుతారు. నెలంతా ఆపకుండా నడిస్తే 13 యూనిట్లు. 8 వాట్ల ఐహైమ్‌కు 6 యూనిట్లు కూడా కావు. ధరలో తేడా మాత్రం ఆ యూనిట్లతో తీరేది కాదు. సన్‌సన్‌లో పైన మీట నొక్కి నీళ్ళు ఎక్కించవచ్చు. ఐహైమ్ క్లాసిక్‌లో అది లేదు, గొట్టంతో పీల్చి మొదలుపెట్టాలి. కానీ దాని నిర్మాణం అంత సాదాగా ఉంటుంది కాబట్టే ఏళ్ళ తరబడి నడుస్తుంది. 303బి లాంటి వాటిలో 9 వాట్ల యూవీ దీపం వస్తుంది. అది నీళ్ళు పచ్చగా మారే జబ్బుకు పనిచేస్తుంది, గాజు మీది పాచిని ఏమీ చేయదు. ఎండ పడని హాల్లో ట్యాంకు ఉంటే ఆ డబ్బు దండగ.

చెప్పిన 1000 లీటర్లు నిజంగా వస్తాయా? మీడియా నింపి, నీళ్ళు మూడడుగులు పైకి ఎక్కాక చాలా తగ్గుతుంది. కొలవడం తేలిక. బయటికి వచ్చే పైపు నోటిని ట్యాంకు అంచు ఎత్తులోనే పట్టుకుని 10 లీటర్ల బకెట్లోకి వదిలి గడియారం చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు 500 లీటర్లు. ట్యాంకు నీళ్ళకు గంటకు నాలుగు రెట్లు నిజంగా తిరిగితే మామూలు చేపలకు సరిపోతుంది. తొలిరోజు వచ్చిన అంకె ఎక్కడైనా రాసి పెట్టుకుంటే, కడగాల్సిన సమయం అదే చెబుతుంది. సగానికి పడిపోతే విప్పాలి.

దీంట్లోనూ నీళ్ళు అడుగుకు వెళ్ళి పైకి ఎక్కుతాయి. కింది బుట్టలో ముతక స్పాంజి, మధ్యలో సన్న స్పాంజి, పైన సిరామిక్ రింగులు. తెల్ల ఫ్లాస్ (ఫిల్టర్లకు వాడే సింథటిక్ దూది) వేయాలంటే అన్నిటికన్నా చివర, అదీ పలచగా. మందుల షాపు దూది వేస్తే అది ముద్దయి ప్రవాహాన్నే ఆపేస్తుంది.

లీకులు ఎక్కువగా ఓ-రింగ్ (మూత కింది రబ్బరు వలయం) దగ్గరే. మూత పెట్టేముందు వేలితో చుట్టూ తడిమి ఇసుక రేణువు లేకుండా చూసుకోవాలి, పలచగా సిలికాన్ గ్రీజు రాయాలి. వ్యాజిలిన్ రాయొద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. లోపలికి లాగే పైపు ట్యాంకు అడుగుదాకా దించకండి. కింద ఎక్కడైనా గొట్టం ఊడితే పైపు నోరు ఉన్న మట్టం వరకే ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆ మిగిలిన నీళ్ళలోనే చేపలు బతకాలి.

క్యానిస్టర్ అసలు బలహీనత కరెంటు కోత. డబ్బా మూసి ఉంటుంది కాబట్టి ప్రవాహం ఆగగానే లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది, తర్వాత అదే కుళ్ళడం మొదలవుతుంది. రెండు మూడు గంటలు దాటి ఆగితే, కరెంటు రాగానే ఆ కంపు నీళ్ళన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి కొడుతుంది. అలాంటప్పుడు ముందు విప్పి, లోపలి నీళ్ళు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్ళతో ఒకసారి కడిగి అప్పుడు నడపాలి. స్పాంజి ఫిల్టర్‌కు ఈ బాధ తక్కువ, అది ట్యాంకు నీళ్ళలోనే ఉంటుంది కదా. ఇన్వర్టర్ ఉంటే 18 వాట్లు దానికి లెక్కే కాదు. కాకపోతే పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ మోటార్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి. సైన్ వేవ్ రకం కావాలి.

ఏది కొన్నా మొదటి నెల

కొత్త ఫిల్టర్ ఒట్టి ప్లాస్టిక్కే. బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందర ఉంటే, బాగా నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్ళ దగ్గర వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. నీళ్ళలో ముంచే తేవాలి, ఎండనివ్వకూడదు. దాన్ని కొత్త ఫిల్టర్ పక్కన పెడితే సమయం సగానికి తగ్గుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా చేపలు నాలుగైదుకు మించొద్దు, మేత రోజుకొక చిటికెడు. కుళాయి నీళ్ళు పోసే ప్రతిసారీ క్లోరిన్ విరిచే మందు వాడాలి.

ఈ దశలో అమ్మోనియా పెరిగితే చెరువుల మందుల షాపులో దొరికే, అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ గుళికలు వలలో కట్టి వేయొచ్చు. పొడి వద్దు, నీళ్ళు సున్నంలా అవుతాయి. జియోలైట్ ఉన్న ట్యాంకులో ఉప్పు మాత్రం వేయకండి. పట్టిన అమ్మోనియానంతా ఉప్పు తగలగానే వదిలేస్తుంది.

నెలకోసారి వచ్చి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్ళూ ఫిల్టరూ కుళాయి కింద తోమి వెళ్ళే మనిషిని పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఐహైమ్ పెట్టినా, వంద రూపాయల స్పాంజి పెట్టినా ఒకటే. ప్రతి నెలా ఒకటో వారానికి వెనక్కి పోతారు. గాజు తుడవడం, నీళ్ళు మోయడం అతనికి వదిలేసి ఫిల్టర్‌ను మాత్రం ముట్టుకోనివ్వకండి.

మోటారున్న ఏ ఫిల్టర్ కొన్నా బిల్లు కట్టే ముందు ఇంపెల్లర్ (నీళ్ళను తోసే చిన్న రెక్కల చక్రం), దాని ఇరుసు, ఓ-రింగ్ విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందుగా అరిగేవి అవే. సిరామిక్ ఇరుసయితే కడిగేటప్పుడు చేతిలోనే పుటుక్కున విరుగుతుంది. విడిభాగాలు లేవన్న షాపులో మోటారు ఫిల్టర్ వద్దు, స్పాంజి ఒకటి, ఎయిర్ పంపు ఒకటి, చెక్ వాల్వులు రెండు తీసుకుని బయటపడండి. రెండో వాల్వు మొదటిది గట్టిపడిన రోజుకు.